ఉప్పు మైదానంలో కప్పకళ్ళ కారు

"ఆ మూత దించేసి నీడలోకి రండమ్మా, ఈ లైను మధ్యాహ్నందాకా కదలదు. తనిఖీ చేసే ట్విలా సంగతి మీకు తెలీదు. పెళ్ళిచూపుల్లో మేనత్తలాగా ఒక్కో బండినీ గోళ్ళతో సహా చూస్తే గానీ వదలదు," అన్నాడు ఆర్డెల్ స్టుకీ.

డెబ్బై నాలుగేళ్ళ మనిషి, ఆరడుగుల నాలుగంగుళాల పొడుగు. వెండోవర్ ఊళ్ళో పొటాష్ తీసే చోట ముప్పయ్యేళ్ళు లారీ తోలి రిటైరయ్యాడు. ఏటా ఆగస్టులో కార్ల వేగం పందాల వారం వచ్చిందంటే చాలు, ఓ మడత కుర్చీ, ఓ టార్పాలిన్ పట్టుకుని బాన్‌విల్ ఉప్పు మైదానానికి వచ్చేస్తాడు. బండి మాత్రం తేడు. ఈ ఏడు ఆయన టార్పాలిన్ కింద చిక్కినవాళ్ళు నెబ్రాస్కా నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలు, క్లైడ్, మార్లిస్. వాళ్ళ బుల్లి పచ్చరంగు ఎంజీ కారు లైన్లో పదకొండోది. నడపబోయేది మార్లిస్. బడి వంటింట్లో పిల్లలకి వండిపెట్టే మనిషి, ఉప్పు మీద బండి తోలడం ఇదే మొదటిసారి. పొద్దుట్నుంచీ తలుపు సందుల మీద టేపు అంటిస్తోంది, పీకుతోంది, మళ్ళీ అంటిస్తోంది.

"నేను గొప్పలు చెప్పుకునే రకం కాదు," అన్నాడు ఆర్డెల్, కుర్చీ ముందుకి లాక్కుంటూ. "ఊళ్ళో ఎవర్నైనా అడగండి. నేను చేసిందల్లా ఒక్కటే. ఎవరూ వద్దనుకున్న ఓ బుల్లి ఇంగ్లీషు కారుని ఈ ఉప్పు మీద పరిగెత్తేలా తయారు చేశాను, అంతే. అదీ ఒక్కణ్ణే కాదు, మా బావమరిది లవార్ కూడా ఉన్నాడు. ఉన్నాడంటే, నేను పని చేస్తుంటే వాడు పక్కనుండి తప్పులు చేసేవాడు."

"ఏ కారు?" అడిగాడు క్లైడ్.

"స్ప్రైట్. మీ దానికి అక్క వరస. నలభై ఏళ్ళ కిందట ఓ గొర్రెల ఆసామి కొట్టంలో దొరికింది. నేను తలుపు తీసేసరికి డ్రైవరు సీట్లో ఓ గొర్రె పడుకునుంది. లెమ్మంటే లేవదు. నాకంటే అదే నయం డ్రైవరని ఆ రోజే తెలుసుకోవాల్సింది, తెలుసుకోలేదు. ఆ కారుకి ఇంజను మూత మీద రెండు లైట్లు కప్పకళ్ళలాగా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి, చూశారా ఎప్పుడైనా? అప్పుడే ఎవరో చెడ్డ కబురు చెప్పినట్టు గుడ్లప్పగించి చూస్తుంటుంది. ఇంటికి తెస్తే మా ఆవిడ నెడ్రా దాని మొహం చూసి, నా మొహం చూసి, 'ఇద్దర్లో ఎవరికి ఎక్కువ భయంగా ఉంది?' అనడిగింది."

మార్లిస్ నవ్వింది. పొద్దుట్నుంచీ అదే మొదటి నవ్వు. దాంతో ఆర్డెల్‌కి ఇంకాస్త ఊపొచ్చింది.

"సరే, మొదట బరువు తగ్గించాలి గదా. బంపర్లు పీకేశాం. ముందద్దం పీకేశాం. హారన్ పీకేశాం, ఈ మైదానంలో ఎవర్ని తప్పుకోమని కొడతాం? రెండో సీటు తీసేసి, రేడియేటరు బదులు అక్కడ ఐసునీళ్ళ డబ్బా పెట్టాం. ఇక్కడిదాకా అందరూ చేసేదే. కానీ నాకో పని పట్టుకుందంటే ఇంక వేళాపాళా ఉండవు. డ్రిల్లింగు మిషను తీసుకుని కనబడిన ఇనుముకల్లా చిల్లులు పొడవడం మొదలెట్టాను. పెడళ్ళకి చిల్లులు, తలుపులకి చిల్లులు, ఆఖరికి స్క్రూడ్రైవరుకి కూడా చిల్లులు. 'స్క్రూడ్రైవరు బండిలో పోదు గదా బావా' అన్నాడు లవార్. అప్పటికే ఏడు పొడిచేశాను. డ్రైవరు వైపు తలుపు ఎంత జల్లెడైపోయిందంటే, ఓ ఆదివారం నెడ్రా దాన్ని ఊడదీసుకుపోయి అందులో మాకరోనీ వార్చింది."

"ఎంత మాకరోనీ?" అనడిగింది మార్లిస్, తన వృత్తి గనక.

"పన్నెండు పౌన్లు. ఇరుగు పొరుగు అందరూ తిన్నారు. మళ్ళీ ఎప్పుడు చేస్తావని వారం దాకా అడిగారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండి ఎంత తేలికైపోయిందంటే, మేకని కట్టినట్టు దాన్ని పలుపేసి కంచెకి కట్టాల్సొచ్చింది. ఓ పూట లవార్ ముడి సరిగ్గా వెయ్యలేదు. గాలొచ్చింది. చూస్తే బండి లేదు! వెతగ్గా వెతగ్గా రెండిళ్ళ అవతల కోళ్ళ గూటి మీద వాలి ఉంది. ఓ తెల్ల పెట్ట ఆ రెండు లైట్లనీ గుడ్లనుకుని రెక్కలు పరుచుకుని పొదుగుతోంది. అదిలిస్తే చేతులు పొడిచేస్తుంది. ఏం చేస్తాం, ఇరవై ఒక్క రోజులు ఆగాం. ఇరవై రెండో రోజు లవార్ చెవి ఆనించి విని, 'బావా, ఎడమ లైట్లో ఏదో కదిలింది' అన్నాడు."

"పిల్ల బయటికొచ్చిందా మరి?" అన్నాడు క్లైడ్ కొంటెగా.

"రాలేదు గానీ, ఆ లైటు మాత్రం తెల్లారగానే దానంతటదే వెలిగేది. నవ్వుతారేం? సరే, అసలు సిగ్గుపడాల్సిన ముక్క ఇప్పుడు చెబుతాను. ఆర్నెల్లు కష్టపడి అంత తేలిక చేసి ఇక్కడికి తెచ్చామా, తెచ్చాక తెలిసింది, ఉప్పు మీద తేలిక బండి పనికిరాదు! చక్రాలకి పట్టు దొరక్క ఉన్నచోటే గిర్రున తిరుగుతాయి. పరిగెత్తాలంటే బరువుండాలి. ఈ సంగతి మాకెవరూ చెప్పలేదు. అంటే, చెప్పారు. నేను వినలేదు. దాంతో పొడిచిన చిల్లులన్నీ కూర్చుని సీసం కరిగించి పూడ్చాను."

"అన్నీనా?"

"అన్నీ. స్క్రూడ్రైవరుతో సహా."

అంతలో ఓ పొట్టి ముసలాయన అట్టపెట్టె మూత మీద నాలుగు గ్లాసుల నిమ్మరసం పెట్టుకుని, ఒలక్కుండా చిన్న చిన్న అడుగులేసుకుంటూ టార్పాలిన్ కిందకి వచ్చాడు. తలమీద గడ్డిటోపీ. కింద ఉప్పు మీంచి కొట్టే ఎండకి గడ్డం అడుగున ఎర్రగా కమిలిపోయి ఉంది.

"ఇడుగో, మాటల్లోనే వచ్చాడు! వీడే లవార్, మా బావమరిది. కావాలంటే వీణ్ణే అడగండి. ఏరా, సీసం పోశామా లేదా?"

"ఊఁ," అన్నాడు లవార్. అందరికీ గ్లాసులిచ్చి పనిముట్ల పెట్టె మీద కూలబడ్డాడు.

"చూశారా! సీసం చాల్లేదు. ఇంట్లో ఇనప పెనాలేశాం. మా అత్తగారి కుట్టుమిషనేశాం. ఆవిడ వెతుక్కుంటోంది ఇప్పటికీ. ఆఖరికి బండి ఎంత బరువెక్కిందంటే, నిలబెట్టినచోట నిలబెట్టినట్టే ఉప్పులోకి దిగిపోయింది. రెండు కప్పకళ్ళు మాత్రం బయట. దారిన పోయే పెద్దమనిషి ఒకాయన వాటి మీద కాలుపెట్టి బూటు తాడు కట్టుకున్నాడు. గునపాలతో తవ్వి తీశాం, ఏరా?"

"ఊఁ."

"ఇంక ఇంజను. ఇక్కడ గాలి పల్చన, ఇంజనుకి ఊపిరాడదు. నేను దాని గొంతు వెడల్పు చేశాను. మామూలుగా ఇంత చేస్తే చాలు. నేనేదీ ఇంతతో ఆపను గదా, అంత చేశాను. మొదటిసారి స్టార్టు చేస్తే చుట్టుపక్కల గాలంతా లోపలికి లాక్కుంది. లవార్ టోపీ పోయింది, వాడి చేతిలో రొట్టె పోయింది, అవతలి ఉప్పు సరస్సు మీంచి వస్తున్న ఓ తెల్లపక్షి వెనక్కి వెనక్కి ఎగురుతూ వచ్చి ఇంజను మూతికి అతుక్కుపోయింది. ఆపి విడిపించాం, పాపం. అది అప్పట్నుంచీ నడిచే పోతోందట, ఎక్కడికైనా."

క్లైడ్ నిమ్మరసం పొలమారి దగ్గాడు. పక్క లైన్లోంచి ఇద్దరు ముగ్గురు నవ్వుతూ వచ్చి నిలబడ్డారు. ఆర్డెల్ కుర్చీలోంచి లేచాడు. కూర్చుని చెప్పే ఘట్టం కాదు మరి.

"ఇంక పరుగు చూడండి! వెనకనుంచి లారీ మెల్లిగా నెట్టింది, గంటకి అరవై మైళ్ళ దాకా. అరవయ్యేళ్ళ ముసలివాడు కూడా పోతాడు అరవైలో. ఎనభై. అప్పటికింకా బండి నిద్రలోనే ఉంది. నూరు దగ్గర ఒళ్ళు విరుచుకుంది. నూట నలభై దగ్గర గాలి తోపుకి ఆ కప్పకళ్ళు రెండూ లోపలికి పోయి, వెనక్కి తిరిగి నన్నే చూడ్డం మొదలెట్టాయి. వేగం ముల్లు ఓ చుట్టు తిరిగి సున్నాకొచ్చి, రెండో చుట్టు అందుకుంది. నాకు భయమేస్తే పాడే అలవాటుంది. పాట ఎత్తుకున్నాను. నా నోట్లోంచి వచ్చిన పాట నన్నందుకోలేక వెనకపడిపోయింది! మర్నాడు పొద్దున లవార్ సరిగ్గా ఇక్కడే నిలబడుంటే గాల్లోంచి నా గొంతు వినబడిందట, రెండో చరణం. అదిగో, ఆ కొండ చూడండి, నేల మీద ఆనకుండా గాల్లో తేలుతున్నట్టుందే, అది అప్పుడు తేలేది కాదు. నేనొస్తుంటే కాళ్ళు పైకెత్తుకుంది, భయం తీరక ఇప్పటికీ దించలేదు!"

నవ్వులు. ఎవరో చప్పట్లు కొట్టారు. మార్లిస్ మాత్రం నవ్వలేదు. టేపు పక్కన పెట్టి దగ్గరికొచ్చి నిలబడింది.

"ఆర్డెల్ గారూ, ఒకటడుగుతాను, నవ్వకండి. ఉప్పు మీద వెనక చక్రాలు పక్కకి జారతాయంటారే, అలా జారితే మీరేం చేశారు? మూడు రోజులుగా నాకదే దిగులు. మా ఆయనకి కూడా చెప్పలేదు."

క్లైడ్ మొహంలో నవ్వు ఆగిపోయింది.

ఆర్డెల్ మనసు ఇంకా ఆ కొండ దగ్గరే ఉంది, కిందకి దిగలేదు. "జారడమా! జారనిస్తానా అమ్మా నేను? తోక ఇలా కదిలిందో లేదో, రెండు కాళ్ళూ బ్రేకు మీద పెట్టి లేచి నిలబడ్డాను! స్టీరింగు చక్రాన్ని ఈ కొసనుంచి ఆ కొసకి ఒక్క తిప్పు తిప్పాను! బండి దెబ్బకి..."

మార్లిస్ తలూపుతోంది. ఉన్నచోటే నిలబడి కుడికాలు నేలకేసి గట్టిగా తొక్కి చూసుకుంది. చేతులు గాల్లోనే ఈ కొసనుంచి ఆ కొసకి తిప్పుకుంది. పాఠం వల్లె వేసుకుంటున్నట్టు మళ్ళీ తొక్కింది.

లవార్ గ్లాసు కింద పెట్టాడు.

"వద్దు తల్లీ," అన్నాడు. "అలా చెయ్యకు. నిజంగా చెయ్యకు. బ్రేకు జోలికే పోవద్దు. యాక్సిలరేటరు మీంచి కాలు మెల్లిగా తియ్యి, పసిపిల్ల పక్కనుంచి లేచినంత మెల్లిగా. స్టీరింగుని నలిపెయ్యకు, ఊరికే పట్టుకో. చూపు మాత్రం నువ్వు పోవాల్సిన వైపే ఉండాలి. అప్పటికీ తిరిగిందనుకో, తిరగనీ. నాలుగు మైళ్ళ దాకా గుద్దుకోడానికి ఇక్కడ ఏముంది? తిరిగి తిరిగి అదే ఆగుతుంది. ఆగాక చూసుకుంటే ఒళ్ళంతా ఉప్పు, నోట్లో ఉప్పు. అంతకుమించి ఏం కాదు."

"మెల్లిగా తియ్యాలి," అంది మార్లిస్. "బ్రేకు ముట్టుకోకూడదు."

"ముట్టుకోకూడదు."

ఆవిడ ఓ పెద్ద ఊపిరి వదిలింది. ఆ మూడు రోజులదీ ఒక్కసారే వదిలినట్టుంది. క్లైడ్ వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యేశాడు.

"మీకెలా తెలుసు ఇదంతా?" అనడిగాడు లవార్‌ని.

లవార్ బావ వైపు ఓసారి చూశాడు. ఆర్డెల్ ఆ కొండనే చూస్తున్నాడు, దాని కాళ్ళు ఇంకా పైనే ఉన్నాయా అన్నట్టు.

"నడిపింది నేను గనక," అన్నాడు లవార్. "రెండుసార్లు తిరిగాను కూడా. మూడోసారి తిన్నగా వెళ్ళాను, గంటకి ఎనభై తొమ్మిది మైళ్ళ వేగంతో. అప్పటికి నాకు ఊళ్ళో రోడ్డు మీదే తోలడం సరిగ్గా రాదు."

"మరి ఈయన?" అన్నారు పక్క లైన్లోంచి వచ్చినవాళ్ళు.

"బావ ఈ లైన్లోనే ఆగిపోయాడు. బండిలో ఏ తప్పూ లేదు, ఆ మాట చెప్పాలి. ప్రతి మరా తనే బిగించాడు. అప్పట్లో తనిఖీ చేసే ముసలాయన అన్నీ చూసి, ఇంత శ్రద్ధగా చేసిన బండి ఈ ఏడు చూళ్ళేదన్నాడు. ఆఖర్న హెల్మెట్ పెట్టుకుని లోపల కూర్చోమన్నాడు. బండి బోల్తా కొడితే తల నలిగిపోకుండా పైనో ఇనప గొట్టం ఉంటుంది గదా, మీదానికీ ఉందిగా, తల దానికంటే కిందుండాలి. బావ తల పైకొచ్చింది. సీటు పీకేసి బండి అడుగునే కూర్చున్నాడు. నడుం వంచాడు, మెడ లోపలికి లాక్కున్నాడు. కుదర్లేదు. లోపలుండి నా వైపు చూసి, 'నువ్వెక్కరా' అన్నాడు. వెనక నెట్టే లారీలో కూర్చుని కిటికీలోంచి తల బయటపెట్టి, నా గేర్లన్నీ తనే అరిచి చెప్పాడు."

లైన్లో బళ్ళు ఒక్క బండి మేర ముందుకి జరిగాయి. క్లైడ్ వెళ్ళి ఎంజీని ఓ బారెడు నెట్టి వచ్చాడు.

"ఎంత పైకొచ్చిందేం తల?" అనడిగింది మార్లిస్ మెత్తగా.

"నాలుగంగుళాలు," అన్నాడు లవార్.

ఆర్డెల్ టోపీ తీసి తెల్లజుట్టు నిమురుకున్నాడు.

"నాలుగు ముందు కొలిచినప్పుడు," అన్నాడు. "గుండు కొట్టించుకొచ్చాక మూడున్నరే."