మొప్పల మీద చుక్కలు

పెంపుడు చేపల కొట్టులో ఒక తాత కొట్టువాడి ముందు బకెట్టు దించాడు. అందులో మనవరాలి ఆక్సలాటల్ ఉంది. నీళ్ళలోనే బతికే బల్లిలాంటి జీవి, తలకు రెండువైపులా కుచ్చుల్లా మొప్పలు.

“రోగిష్టిదాన్ని అంటగట్టావు కదయ్యా!”

“మొప్పల మీద ఈ మెరిసే చుక్కలా? అవి పుట్టుమచ్చల్లాంటివి తాతా, తోలులోనే ఉంటాయి.”

“పక్కన ఈ దూదిలాంటిదో? అదీ పుట్టుమచ్చేనా?”

“కాదు. నీళ్ళు కదిపితే ఊగుతోంది. అది బూజే.”

“దొరికావు!”

“ఆగండి. మీరు దీన్ని కొన్న రోజు నేను తీసిన ఫొటో ఇదిగో. చుక్కలే ఉన్నాయి, దూది లేదు. తర్వాత ఏం చేశారు?”

“చుక్కలే బూజనుకుని... రోజూ బ్రష్షుతో రుద్దాను. పాప బడికెళ్ళాక.”

“తోలు గీరుకుపోయిన చోటే బూజు పట్టింది.”

“తప్పు నా మీదికి నెట్టడం లేదుగా?”

“అంత రుద్దినా చుక్కల్లో ఒక్కటైనా పోయిందా, చూడండి.”

తాత బకెట్టులోకి వంగి చూశాడు. ఒక్కటీ పోలేదు.

“బతుకుతుందా?”

“మందుకు తగ్గుతుంది. మీ జేబులోంచి కనబడుతున్న ఆ బ్రష్షు మాత్రం ఇక్కడ వదిలెళ్ళండి.”