వరసలో బుద్రి చోటు

బుద్రి అని ఒకావిడ ఉండేదంట ఇజీనారంలో. ఉండేదంటే ఇప్పుడూ ఉంది, కంగారుపడకండి. ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తాది. పుట్టింది మాత్రం కొండ మీద గదబోళ్ళ ఇంట్లో. ఘాట్ రోడ్డు ఎక్కి, అరకు దాటి, బస్సు ఆగిపోయిన కాణ్ణుంచి ఇంకా నడిస్తే ఒస్తాది ఆళ్ళ ఊరు, బొండుపుట్టు. అయితే ఏటయిందంటే, వయసులో ఉన్నప్పుడు ఆ రోడ్డున లారీ తోలే అప్పలసూరి మీద మనసు పడింది, ఒకనాడు లారీ ఎక్కి ఎల్లిపోయింది. ఇంట్లో చెప్పలేదు, ఊళ్ళో చెప్పలేదు. దాని పేరు ఇంక నా గుమ్మంలో ఎత్తొద్దని తండ్రి అన్నాడంట, అది ఎవరో సంతలో చెప్పగా ఇన్నాది. మరింక ఏ మొకం పెట్టుకుని ఎల్తాది? ఎల్లలేదు. తండ్రి పోయేడు, తర్వాత మొగుడూ పోయేడు, తల నెరిసింది, నోట్లో మాట కూడా కింద దేశం మాటే అయిపోయింది. ఊరోళ్ళు నన్ను ఎప్పుడో తుడిచీసుంటారులే అనుకునీది. అలా అనుకునీదే గానీ, బజార్లో కొండోళ్ళు పసుపూ చీపుళ్ళూ పెట్టుకుని కూకుంటే, కొనీది కాదు, బేరమాడీది కాదు, మొకమ్మీదకి చెంగు లాక్కుని ఆళ్ళ మాటలు ఇంటా అలగే నిలబడిపోయేది. అదీ దాని బతుకు.

అలగుండగా ఆ ఏడు శ్రావణం ముసుర్లో ఇజీనారంలో ఆదివాసీల పండగ పెట్టేరు, ఆటలకి పోటీలూ బహుమతులూ కూడా. ఏటి చెప్పమంటారు ఆ జనాన్ని. సవరోళ్ళు, జాతాపోళ్ళు, కొండదొరలు, గదబోళ్ళు, లారీలు లారీలుగా దిగుతానే ఉన్నారంట. ఒకళ్ళ తుడుము డప్పు ఆగకముందే ఇంకొకళ్ళ తుడుము. కిరాణా కొట్టోడు తూకం తూకంగానే వదిలీసి రోడ్డు మీదకొచ్చి నిలబడిపోయేడు. మనకి ఇంత దగ్గిర్లో ఇంతమంది ఉన్నారా, ఇన్ని పాటలున్నాయా, ఇన్నాళ్ళూ మనమేటి చూస్తన్నాం అని పట్నం పట్నమంతా నోరెళ్ళబెట్టీసింది. హాస్టలు పిల్లలు బుద్రిని కూడా లాక్కెళ్ళేరు. వద్దంటే ఊరుకుంటారేటి పిల్లలు? ఎల్లి, మైదానంలో షామియానా గుంజ చాటున నిలబడింది.

నిలబడిందా, మైకులో పిలిచేరు, బొండుపుట్టు థింసా ఆట జట్టు రావాలి అని. అంతే, బుద్రి రెండు చేతులతోటీ గుంజ పట్టుకుంది. మోరి ఊదుకుంటా ముసలి గాసి ముందొచ్చేడు, మోరంటే మన బూరలాంటిది, ఆడి ఎనకాల ఆడోళ్ళ వరస. చేతులు నడుముల ఎనక పెనేసుకుని, మోకాళ్ళ మీదకి కట్టిన చీరలు, కాళ్ళకి అందెలు. అందరి కాళ్ళూ ఒక్కసారే లెగుస్తన్నాయి, ఒక్కసారే దిగుతన్నాయి. కానీ వరస మధ్యలో ఒక మనిసి పట్టేటంత కాళీ ఉంది. కాళీకి ఇటుపక్క చెయ్యీ అటుపక్క చెయ్యీ ఎవుళ్ళనీ పట్టుకోకుండా అలాగే చాపి ఉన్నాయి. ఆ ఊరోళ్ళకి ఒక పద్ధతుందండి, ఇనండి. వరసలో మనిసి చచ్చిపోతే, దినం నాడు ఆ పక్కామె ఈ పక్కామె చేతులు కలిపీసుకుంటారు, కాళీ మూసుకుపోతాది. బతికుండి ఎక్కడికైనా ఎల్లిందనుకో, మూయరు. ఆ చోటు ఆ మనిసిదే. ఇది బుద్రికి తెలుసు. ఎవుళ్ళదో ఈ చోటు అని చూసింది. ఇటుపక్క సోమారి, చిన్నప్పుడు తనతో పశువులు కాసిన సోమారే, పళ్ళూడిపోయేయి. అటుపక్క ముక్త. సోమారికీ ముక్తకీ మధ్య ఆడిందెవరు? ఇంకెవరు. తెలుస్తానే ఉంది, అయినా మనసు నమ్మనంటాది. నాకోసమా, నాకెందుకుంటారు, అని అక్కడే ఏడుస్తా నిలబడిపోయింది.

ఇంతలో మైకు పట్టుకున్న బాబు ఉన్నాడు కదా, మంచోడే, కాపోతే ఫొటో బాగా రావాలని ఆడి తాపత్రయం. అమ్మా, మధ్యలో కాళీ ఒదిలీసేరు, దగ్గరకి జరగండి అన్నాడు. జరగలేదు. మళ్ళీ అన్నాడు. జరగలేదు. సరే భాష అర్దమవలేదనుకుని, పూసల దండేసుకుని తిరుగుతున్న కాలేజీ పిల్లనొకర్ని తీసుకొచ్చి ఆ కాళీలో నిలబెట్టీసేడు. సోమారి చెయ్యి ఎనక్కి తీసీసుకుంది. ముక్తా తీసీసుకుంది. మోరి ఆగింది, తుడుము ఆగింది, అందె చప్పుడు లేదు. ఏటయింది తాతా అని ఆ బాబు మైకు గాసి నోటి దగ్గర పెట్టేడు.

గాసి అన్నాడు కదా: "అది కాళీ కాదు బాబూ. మా పిల్ల చోటది. మా పిల్ల కింద దేశం ఎల్లింది. ఒస్తాది."

ఆ మాట అన్ని మైకుల్లోనూ ఇనబడింది. కాలేజీ పిల్ల దండం పెట్టి తనంతట తనే పక్కకి తప్పుకుంది. అప్పుడు బుద్రి గుంజ వదిలింది. చెప్పులు బురదలో దిగబడిపోతే అక్కడే ఒదిలీసి నడిచింది. పొమ్మంటే చచ్చిపోతాను అనుకుంటానే నడిచింది. ఎవుళూ పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. సోమారి ఇటు తిరిగి చూడనైనా చూడలేదు, ఉత్తినే చెయ్యి ఎనక్కి చాపింది. బుద్రి పట్టుకుంది. మోరి లేచింది. ఒకటీ రెండూ అడుగులు తప్పినాయి, తర్వాత కాళ్ళు తలని అడగడం మానీసినాయి. వరస మెలి తిరిగింది, మళ్ళీ విప్పుకుంది, అందరూ కలిసి ఒకే ఒళ్ళయిపోయినట్టయింది. చూస్తన్న పట్నపోళ్ళు చప్పట్లు కొట్టడం కూడా మర్సిపోయేరంట. దేవుడొచ్చినప్పుడు ఉంటాది చూడండి, అలాటి బయమూ ఆనందమూ కలిసి ఒచ్చీసినాయంట అందరికీ.

ఆటయ్యేక లారీ దగ్గర బుద్రి అడిగింది సోమారిని, ఇన్నేళ్ళు ఎందుకుంచేరే నా చోటు అని. సోమారి కాళ్ళకంటిన బురద కడుక్కుంటా, "నువ్వు చచ్చిపోయేవని ఎవుళూ కబురు తేలేదు కదే" అన్నాది. అంతేనంట.

మొదటి బహుమతి మాత్రం ఏరే ఊరికిచ్చేరండి. ఆళ్ళ వరసలో ఎక్కడా కాళీ లేదు మరి.