పడమర హద్దు

ఎవురూ, ముద్దుకృష్ణ సారా? కూసో అమ్మా హరితా, నిలబడుకోని అడిగితే అయిపోయే ముచ్చట కాదది. నువ్విప్పుడు మదనపల్లెలో హిస్టరీ సెప్తాండావు గదా, యాభై ఏండ్ల ముందర మాకు ఆడనే అమెరికా పాఠం సెప్పినాడు ఆయప్ప. పంచె, ఇస్త్రీ లేని సొక్కా, గొంతు మాత్రం గంట! జెఫర్సను ఫ్రాన్సోళ్ల కాడ లూసియానా కొన్న కత ఆయప్ప నోట్లోనే ఇనల్ల. "ఒరే, ఒగ్గ సంతకంతో దేశం రెండింతలయిపోయిందిరా! హద్దులు యాడికో అమ్మినోడికీ సరిగా తెలీదు, కొన్నోడికీ తెలీదు. కొనేసినాంక సూసి రమ్మని మనుషుల్ని పంపించినారు!" అని మేము నగతా ఉంటే, ఉన్నట్టుండి బల్ల మీద కొట్టేటోడు. "మరి ఆడ తరతరాలుగా ఉండే జనాన్ని ఎవుడన్నా ఒగ మాట అడిగినాడా?" అనేటోడు. నేను దాని మీద నాలుగు పేజీలు రాసి క్లాసు ఫస్టు. సిగ్గులేదు సూడు నాకు.

ఎందుకంటావా? అదే ఏడు మా నాయన పెద్దతిప్పసముద్రం కాడ ఈ భూమి కొన్న్యాడు. పుంగనూరులో ఉండే ఒగ పెద్దాయన అమ్మినాడు. మన పక్క ఆనవాయితీ నీకు తెలుసు గదా, కొనేముందర నాలుగు పక్కల చేనోళ్లనీ పిలిచి, వాళ్లు ముందు నడస్తా ఉంటే ఎనక గట్టు తొక్కల్ల. మా నాయన తొక్కలే. "కాగితముండాది, ఇంగ నడిచేదేంది?" అన్న్యాడు. ఆ కాగితంలో పడమర హద్దు నీళ్లు పారే వంక అని ఉండాది. వంకకు ఈ పక్కన మీ అవ్వ పాపక్క రాగులేసుకోని ఉండాది. మొగుడు పోయి రెండేండ్లు, ఒంటి మనిషి. ఆమెను ఆ చేన్లోనుంచి ఎల్లగొట్టి రాళ్లు నాటి రమ్మని నన్ను పంపించినాడు మా నాయన. అవునమ్మా, మీ అవ్వనే. ఆమె నీకు సెప్పుండదు, అట్లాంటి మనిషి.

ఆ భూమి పాత రికార్డు ఇంగ్లీషులో ఉండాదని, సదివి సెప్పల్లని సారును బతిమాలి బస్సెక్కించుకోని పోయినా. ఆయప్ప కాగితం సదివినాడు, మీ అవ్వను సూసినాడు, సెప్పులిప్పేసినాడు. "అమ్మా, నీ గట్టు సూపీ, మేము ఎనకొస్తాము" అన్న్యాడు. "నువ్వూ ఇప్పరా, క్లాసు ఫస్టూ!" అని నా పక్క సూసినాడు. అబ్బ, ఆ మాట ఈపొద్దుకీ తగుల్తాది. పల్లేరుకాయలు కాళ్లల్లో దిగతాండాయి, ఆమె ముందర నడస్తాండాది. ఒగ మట్టి దిబ్బ కాడ నిలబడిపోయి, "ఈడ మా ఆయన ఉండాడప్పా. రాయి నాటితే కొంచిం ఎడంగా నాటుకో" అనింది. నన్ను తిట్టలే. తిట్టుంటే రాళ్లు నాటేసుందునేమో.

రాళ్లు మా నాయన ముందే తోలిచ్చిన ఎద్దుల బండిలోనే ఉండిపోయినాయి. ఆమె సంగటి ముద్ద, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టింది, ముగ్గురమూ గట్టు మిందనే తిన్న్యాము. ఇంటికొచ్చినాంక మా నాయన నెల్లాళ్లు నాతో మాట్లాడలే. అయినా సారు వారానికోసారి వచ్చి కూసుంటాండె. "నారాయణప్పా, నీ కొడుకు పరీక్ష ఇప్పుడు రాసినాడయ్యా" అని మా నాయనకు నచ్చసెప్పి, పడమర హద్దు మార్చి కాగితం తన సేత్తోనే తిరగ రాసినాడు. ఆ తరవాత కరువులో మా బావి ఎండిపోతే మీ అవ్వ బావి నీళ్లతోనే గదా మా టమేటా బతికింది. నేనీపొద్దు మనిషిగా తలెత్తుకోని మీ ఇంటికి వస్తాండానంటే ఆయప్ప పుణ్యమే తల్లీ. బతికుంటే కాళ్లు కడుగుదును.

ఆ బీరువాలో పై అరలో ఉండాది సూడు కాగితం, తియ్యి. సారు సేతిరాతే. నా కండ్లకు ఆనదుగానీ, పడమరకు ఎవురి చేనని ఉండాదో పైకి సదువు.

ఊఁ... ఇంగోసారి సదువమ్మా.

సరే, త్రీఫేజు కరెంటు వచ్చినట్టుండాది, మోటారేసొస్తా.