రేకు పోలీసు

చౌటుప్పల్ దాటాక హైవే పక్కన ఒక ఊరు. మధ్యాహ్నం. పెట్రోలింగ్ బండి దిగిన కానిస్టేబుల్ విజేందర్‌కు, ఆ ఊరి సుక్కమ్మకు మాటలు నడుస్తున్నాయి. డ్రైవర్ జంగయ్య బండిలోనే ఉన్నాడు.

“నేను ముట్టలే సారు.”

“ముట్టకుంటే నడుచుకుంట వచ్చిందా అవ్వా? దాబ కాడ మేం పాతిన రేకు పోలీసు బొమ్మ ఫర్లాంగు దూరం వచ్చి మీ ఊరి ముంగట ఎట్ల నిలబడ్డడు?”

“ఏమో. ఆడ ఎండ ఎక్కువున్నదేమో.”

“నవ్వులాట కాదు. ఎవరు తెచ్చిండ్రు?”

“తెచ్చినోళ్లు తెచ్చిండ్రు.”

“సుక్కమ్మా.”

“నేనే తెచ్చిన. నేను, ఉపాధి పనికొచ్చే నలుగురాడోళ్లు. గడ్డపారతోని పెకిలించి నెత్తి మీద మోసుకొచ్చినం. మా సావిత్రమ్మకు నడుం పట్టింది. మస్తు బరువున్నడు మీ పోలీసు.”

“సర్కారు సొమ్ము దొంగతనం చేసి మళ్ల...”

“దొంగతనం ఏడిది? హైవే మీది బొమ్మ హైవే మీదనే ఉన్నది. దాబ కాడ ఎవలు దాటుతరు సారు, కుక్క గూడ దాటది. ఈడనైతే ఇండ్లు ఇటుదిక్కు, బడి అటుదిక్కు. మా మనుమరాలు వర్షిత రోజు రెండుమాట్ల దాటుతది.”

“రోడ్డు కింది నుంచి దారున్నది గద?”

“రెండు కిలోమీటర్లు. వానొస్తె నడుం లోతు నీళ్లు. ఒక్కపాలి నువ్వు పోయిరా.”

“గట్లుంటే దరఖాస్తు పెట్టుకోవాలె.”

“మూడు పెట్టిన. బడి యాళ్లకు ఒక్క పోలీసును నిలబెట్టుండ్రని. మనుషుల్లేరన్నరు. పోయిన శ్రావణంల వర్షిత తల్లి, నా బిడ్డ, ఈన్నే లారీ కింద పడి పాయె. దినాలైనంక మళ్ల పోయిన. మళ్ల మనుషుల్లేరనే అన్నరు. నాకు కడుపు మండింది సారు. మనిషి లేకుంటే బొమ్మన్న ఉండనీ అని తెచ్చుకున్న. అగో, ఆ లారీ చూడు. బొమ్మ కనబడంగనే ఎట్ల మెల్లగయ్యిందో.”

“చూసిన. గని అవ్వా, నా నౌకరి పోతది. పట్నం నుంచి పెద్దసారు వస్తాండు, ఇంకో ఇరవై నిమిషాలల్ల. మొత్తం ఆరు బొమ్మలు. ఏ కిలోమీటరు రాయి కాడ ఏదున్నదో లిస్టు పట్టుకొని చూసుకుంట పోతడట. జంగన్నా, దిగు. దీన్ని పీకుదాం పట్టు.”

“రాదు సారు.”

“ఎందుకు రాదు?”

“సిమెంటు పోసినం. రెండు బస్తాలు.”

“అవును విజేందర్, కదుల్తలేదు. అడుగున చువ్వలు గూడ పెట్టినట్టున్నరు.”

“నా కొంప ముంచినవు గదవ్వా.”

“దాబ కాడ నువ్వే నిలబడరాదు సారు?”

“బొమ్మ ఏదంటే ఏం చెప్పాలె?”

“బొమ్మ లెక్కనే నిలబడు. గంత జోరుగ పోయేటోళ్లకు ఏం తెలుస్తది?”

“జంగన్నా, నవ్వకు.”

“నవ్వుతలేను. వేరే దారున్నదా మరి? బండి నేను దాబ ఎనక దాస్త.”

“బొమ్మకు మీసాలున్నయి.”

“నీకు గూడ కొద్దిగ ఉన్నయి గద సారు.”

“ఈడున్న బొమ్మ గూడ కనబడితే?”

“ఒకటి తక్కువైతే నౌకరి పోతది గని, ఎక్కువైతే పోతదా?”

“ఎవ్వరికీ చెప్పకు.”

“చెప్ప. గని ఒక షర్తు. రేపటి సంది బడి యాళ్లకు మీ బండి మా ఊరి కాడ ఆపాలె. పొద్దుగాల, సాయంత్రం. మనిషి దిగి నిలబడాలె, రేకు కాదు.”

“ఆపుత.”

“ఒట్టు పెట్టు.”

“నాకూ బడికి పోయే బిడ్డున్నదవ్వా. దాని మీద ఒట్టు. ఆపుత.”

కాసేపటికి, దాబా దగ్గర.

“చెయ్యి దించకు సారు.”

“నువ్వెందుకొచ్చినవు అవ్వా?”

“చూద్దామని. ముక్కు మీద ఈగ వాలింది.”

“తెలుస్తాంది.”

“కొట్టకు. అగో, పెద్దసారు బుగ్గ కారు. ఎనక ఇంకో రెండు.”

“మాట్లాడకు.”

“...”

“...”

“పోయినయి. ఇగ కదులు సారు.”

“చెయ్యి తిమ్మిరెక్కింది. ఒక్కటి చెప్పాల్నా అవ్వా? ఎనిమిదేండ్ల నౌకరిల బండ్లు నన్ను చూసి గింత మెల్లగ పోంగ ఇయ్యాలనే చూసిన.”

“మరి నిలబడితేనే గద తెలిసేది. వర్షితకు చెప్త, రేపు పోలీసు మామ చెయ్యి పట్టుకొని దాటిపిస్తడని. శ్రావణం సంది ఇయ్యాలనే నా పానం నిమ్మలమైంది.”

“ఎనిమిదిన్నరకే వస్త. జంగన్న వస్తాండు. ఏమన్నా, వైర్‌లెస్ సెట్ల ఏమన్న చెప్పిండ్రా?”

“చెప్పిండ్రు. పెద్దసారు మస్తు ఖుషీ అయిండట.”

“లెక్క సరిపోయిందా?”

“లిస్టుల ఆరుంటే రోడ్డు మీద ఏడున్నయట. దాబ కాడి బొమ్మైతే అచ్చం మనిషేనన్నడట.”

“ఇంకేంది మరి, మొకం గట్ల పెట్టినవు?”

“బొమ్మలే గింత మంచిగ పనిచేస్తుంటే మనుషులెందుకన్నడట. రేపటి సంది ఈ రోడ్డు మీద మన బండి లేదు.”