అడుగు కనబడుచున్నది

రైల్వే కాలనీ స్విమ్మింగ్ పూల్ గట్టు, ఉదయం ఏడున్నర. నీళ్ళలో పన్నెండు మంది పిల్లలు, కుర్చీలో లైఫ్‌గార్డు జగ్గారావు, అతని నెత్తిన హెల్త్ ఇన్‌స్పెక్టర్ ఉదయభాను.

“కనిపిస్తోందా, లేదా?”

“కనపడకేటి మేడమ్! బెమ్మాండంగా కనపడతంది. నల్లగా, గుండ్రంగా అడుగున పడున్నాది.”

“జగ్గారావు గారూ, బిళ్ళ ఇంకా నా చేతిలోనే ఉంది. నీళ్ళలో వెయ్యనే లేదు.”

“ఏసినాక ఎలాగుంటాదో ముందే సెప్పినాను.”

“రూలేమిటి? ఈ నల్లబిళ్ళ లోతున్న చోట వేస్తే గట్టు మీంచి కనబడాలి. కనబడకపోతే పూల్ మూసెయ్యాలి. మీ రిజిస్టర్లో రోజూ ఒకటే వాక్యం. ‘నీరు స్వచ్ఛము. అడుగు కనబడుచున్నది. జగ్గారావు.’ సెలవు పెట్టిన రోజు కూడా కనబడుచున్నది!”

“నాను సెలవెడితే అడుగు ఎక్కడికి ఎల్లిపోద్ది మేడమ్?”

“ఈ ఉద్యోగానికి ముందేం చేసేవారు?”

“సాయ్ తాగుతారా? గేటు కాడ దాదా అల్లం బాగా దంచుతాడు—”

“చాయ్ వద్దు. ముందేం చేసేవారు?”

“ఇంజను నడిపీవోణ్ణి. నిమ్‌పురా యార్డు కాణ్ణుంచి గూడ్సు బళ్ళు.”

“మరి?”

“దింపీసినారు.”

“ఎందుకు?”

“మెడికల్లో… కళ్ళు.”

“అంటే, సిగ్నల్ కనబడనాయన్ని తెచ్చి పిల్లలకి కాపలా పెట్టారా!”

“సిగ్నల్ అరవదు మేడమ్. పిల్లలు అరుస్తారు.”

“నాకు నవ్వు తెప్పించకండి.”

“నవ్వుకేటి సెప్పడం నేదు. ఇంజన్లో సిగ్నల్ వొస్తే డ్రైవరూ అసిస్టెంటూ ఒకళ్ళకొకళ్ళు గట్టిగా అరిసి సెప్పుకోవాల. అదే ఇక్కడా పెట్టినాను. ఇజిలేస్తే ఎవుల నెంబరు ఆళ్ళు అరవాల. పదేళ్ళయినాది, ఒక్క పిల్ల పోనేదు.”

“సరే, బిళ్ళ వేస్తున్నాను. ఇదిగో, వేశాను. ఇప్పుడు చెప్పండి.”

“ఉండండి, అద్దాలు తుడుసుకుని సూస్తాను.”

“జగ్గారావు గారూ.”

“నేదు. కనపడ్డం నేదు.”

“ఎప్పట్నుంచి?”

“రథయాత్ర కాణ్ణుంచి. అంతకుముందు అడుగున పలకల గీతలు లెక్కెట్టీవోణ్ణి. మెల్లిగా మసకొచ్చీసినాది. ఇందా పేటలో డాక్టరు కంట్లోకి సుక్కలిచ్చినాడు. మాయావిడ అప్పలనర్సమ్మ పూటకి రెండు క్యారెట్లు తినిపిస్తంది. తిని తిని దవడలు పీకుతన్నాయి గానీ అడుగు కనపణ్ణేదు.”

“పైవాళ్ళకి ఎవరికీ చెప్పలేదా?”

“సెప్తే మళ్ళీ మెడికల్. ఇంకోపాలి ఫెయిలయితే ఇంటికే. రెండేళ్ళే ఉన్నాది సర్వీసు. ఇంజను దింపినప్పుడు సిగ్గేసి ఆర్నెల్లు ఖరిదా బజారుకి ఎల్లనేదు మేడమ్. నన్ను మళ్ళీ దింపీకండి.”

“అదంతా తర్వాత. ముందు పిల్లల్ని పైకి పిలవండి.”

“పిల్లలూ! గట్టెక్కీయండి! నెంబర్లు!”

“ఒకటి!” “రెండు!” “మూడు!” “నాలుగు!” “అయిదు!” “ఆరు!” “ఏడు!” “ఎనిమిది!” “తొమ్మిది!” “పది!” “పన్నెండు!”

“ఆగండాగండి. పదకొండేది?”

“పదకొండూ! ఓలమ్మా, పలకవే! పదకొండూ! మేడమ్, మీరటు సూడండి, నాను ఇటు—”

“ఉన్నాను, ఉన్నాను! గేటు కాడ ఝాల్‌మురీ మరమరాలు తింటన్నాను!”

“కూర్చోండి. చొక్కా సగం విప్పేశారు.”

“మీరూ సెప్పులు ఇప్పీసినారు మేడమ్.”

“ఇంతసేపూ నీళ్ళలో మీకేం కనబడింది?”

“ఏటీ నేదు. రాసీయండి. కళ్ళు పోనాయి.”

“ఆ అవతలి గోడ మీద బోర్డు చదవండి.”

“ఉమ్మరాదు, పరిగెత్తరాదు, నూని రాసుకుని దిగరాదు. కింద సిన్నచ్చరాల్లో ఎవుడో ‘బుల్టీ, ఐ లవ్యూ’ అని గీకినాడు.”

“బుల్టీ కూడా కనబడిందా?”

“అద్దాలెట్టుకుంటే కనపడతాది మేడమ్.”

“నాకు అద్దాలక్కర్లేదు. నా కళ్ళకే రోగమూ లేదు. ఇందాకట్నుంచి చూస్తున్నాను, బిళ్ళ నాకూ కనబడట్లేదు.”

“ఏటీ?”

“పోయింది మీ కళ్ళు కాదు, నీళ్ళు. ఫిల్టరు పనిచెయ్యట్లేదు.”

“నీళ్ళా! నీళ్ళేటి! ఒక్క నిమిషం మేడమ్, ఒక్క ఫోను. హలో, ఓలె అప్పలనర్సీ! క్యారెట్లు ఆవుకెట్టీ! నా కళ్ళు బంగారం! బంగారమే!”

“ఫోన్ పెట్టెయ్యండి. మూడు నెలలు, జగ్గారావు గారూ. పిల్లలు మునిగితే కనబడని నీళ్ళలో మూడు నెలలు దింపారు. ఇందాక పదకొండు నిజంగా అడుగున ఉంటే, ఎక్కడని దూకేవారు?”

“తెల్దు. పదకొండు నా మనవరాలు మేడమ్. ఆ రిజిస్టరు ఇలాగియ్యండి. ఈయేల్టిది ఇంకా రాయనేదు.”

“ఏమని రాస్తారు?”

“అడుగు కనబడుట లేదు.”

“ఇవాళ్టిది నేను రాసుకుంటాను లెండి.”

“ఈయేల్టికే కాదు. రథయాత్ర దాకా ఎనక్కెల్లి, రోజుకొక్కటి లెక్కన కొట్టీసి రాస్తాను.”

“రాస్తే మిమ్మల్ని దింపేస్తారు.”

“ఇంజను ఆళ్ళు దింపినారు మేడమ్. ఈ కుర్సీ నానే దిగుతాను. పెన్నియ్యండి.”