వెల్లకిల పండుకున్నోని పరుపు

“తాతా, పరుపు బుక్ చేస్తున్న. గట్టిది పెట్టాల్నా, మెత్తదా?” అని అడిగితివి గదా. ఆ ఫోన్ జెర పక్కకు పెట్టు బిడ్డా. పెండ్లికి ఇంక నెల ఉన్నది, ఇస్నాపూర్‌ల కిరాయి ఇంటి తాళం గూడ మీ చేతికి రాలే, అప్పుడే పరుపా? కూసో.

నన్నడిగితే గట్టిదే అంటనని నీకు తెల్సు. మీ నాయిన చెప్పే ఉంటడు. సండే స్కూల్ల పిల్లలకు గూడ అదే చెప్పినోన్ని. వెల్లకిల పండుకోవాలె, కాళ్లు జాపాలె, చేతులు పక్కలకు పెట్టాలె. మనిషి నిద్రల గూడ క్రమంల ఉండాలె అనేటోన్ని. మెత్త పరుపు మీద పండుకున్నోడు షిఫ్టు టైముకు లేవడు, లేసినా దేనికి పనికిరాడు. ఇప్పటికీ సగం అదే మాట నాది. సగం అంటున్న, వినబడ్డదా? పోయినేటి దాక మొత్తం ఉండె.

మా పాత మంచం యాదికుందా నీకు? నేను పాశమైలారం ఫ్యాక్టరీల స్టోర్‌ల పనిజేసేటప్పుడు, కాదు, మొదట ప్యాకింగ్‌ల ఉంటి, స్టోర్ తర్వాత. బయటి దేశంకెల్లి మిషన్లు పెద్ద పెద్ద చెక్క పెట్టెలల్ల వస్తుండె. ఆ పలకలు తెచ్చి మంచం కొట్టిచ్చిన. గేట్ పాస్ రాయించుకొనే తెచ్చిన, ముఫ్తుల ఒక్క మొల గూడ తేలే, అది గూడ విను. దాని మీద రెండు వేళ్ల మందం దూది పరుపు. అప్పట్ల దూదేకెటాయన ఇంటి ముందటికొచ్చి కుట్టి పోయేది. ఆయనకిచ్చిన పైసలకు ఇప్పుడు దిండు గలీబు గూడ రాదు. సరే, ఆ ముచ్చట ఇడువు.

పలకల మీద బొమ్మలుండె. నా దిక్కు పైకి బాణం గుర్తు. మీ నాయినమ్మ దిక్కు గ్లాసు బొమ్మ. గ్లాసు బొమ్మ ఉంటే లోపల పగిలేటిది ఉన్నది, మెల్లగ దింపాలె అని అర్థం. స్టోర్‌ల హమాలీలకు రోజు మొత్తుకొని చెప్పేది నేనే. ఇంట్ల అదే పలక మీద ఒక మనిషి నలభై ఏండ్లు పండుకుంటే నాకు సోయి రాలే.

పోయినేడు వానలప్పుడు మీ నాయినమ్మ దిండు చంకల పెట్టుకోని ముందటి అర్రలకు పోయింది. దివాన్ మీద రెండు బొంతలు ఏసుకోని అక్కడనే పండుకునుడు. అడిగితే ఫ్యాన్ గాలి పడ్తలేదన్నది. వారం తర్వాత అసలు సంగతి చెప్పింది. ఆమె పక్కకు తిరిగి పండుకునే మనిషి. భుజం, తుంటి పలకకు ఒత్తుకుపోయి పొద్దుగాలకు చెయ్యి తిమ్మిరి పట్టి జడ గూడ ఏసుకోరాకపాయెనంట. మరి నేనేమన్న? వెల్లకిల పండుకుంటే ఏ బాధ ఉండదు, నీకే అలవాటు లేదన్న. ఆమె చేతిల చీపురు పక్కకు పెట్టింది. “పెట్టెల పెట్టి బొంద పెట్టేటప్పుడు ఎట్లాగు చెక్క మీద వెల్లకిలనే పండవెడతరు. గప్పటిదాకన్న నన్ను పక్కకు తిరగనియ్యి” అన్నది.

అగో, లోపల దగ్గుతున్నది. వింటున్నదన్నట్టు.

మూడు నెలలు బిడ్డా. మంచమంత నాదే, ఎటు జాపుకుంటే అటు. గానీ నిద్ర రాకపాయె. ఆమె గురక లేకపోతే నాకు కన్ను అంటదని అప్పుడు తెలిసింది. రమ్మని అడుగుదామంటే నా మాట కింద పడ్తది. ఇగ ఒక్కటే తొవ్వ, ఆమె పండుకోగలిగే పరుపు కొనాలె. ఆఫరున్నదంట, సూసొద్దాం పా అని పటాన్‌చెరు తోల్కపోయిన. ఆఫర్ లేదు, ఏం లేదు. ఒకరు అబద్ధమాడితే చెవి మెలిపెట్టేటోన్ని, నేనే ఆడిన.

రోడ్డు మీదనే అద్దాల దుకాణం. ఓనర్ గుంటూరు దిక్కు మనిషి, వాళ్ల నాయిన ఇక్కడి ప్లాంటుల కొలువుకొచ్చి ఉండిపోయిండంట. నేను స్టోర్‌ల బస్తాలు సూసినట్టు పరుపులను పిడికిలితోని గుద్ది సూస్తున్న. ఆయన, “బాబాయ్ గారూ, చేత్తో నొక్కితే పరుపు తెలీదండి. ఇంట్లో ఎలా పడుకుంటారో అలాగే ఓ పావుగంట పడుకోండి” అన్నడు. అద్దం అవతల లారీలు, షిఫ్టు బస్సులు. చర్చి పెద్దను, చెప్పులిడిసి నడి పగలు అందరు సూడంగ పండుకునుడా? అయినా అన్నిటికంటే గట్టిదాన్ని ఎంచుకోని పండుకున్న, వెల్లకిల, చేతులు పక్కలకు, పరేడ్ లెక్క.

ఆయన నా నడుము కింద అరచెయ్యి పెట్టి సూసిండు. చెయ్యి సాఫీగ దూరిపోతే పరుపు మరీ గట్టిది, అసలే దూరకపోతే మరీ మెత్తది, జెర ఇరుకుగ దూరాలెనంట. బోర్ల పండుకునేటోళ్లకైతే గట్టిదే మేలు, లేకపోతే పొట్ట దిగబడి నడుము పట్టుకుంటది. పక్కకు తిరిగేటోళ్లకు భుజం, తుంటి కొంచెం దిగాలె, అప్పుడే ఎన్నుపూస గీత గీసినట్టుంటది. మీ నాయినమ్మను జెర మెత్తదాని మీద పండుకోమన్నడు. ఆమె పక్కకు తిరిగింది. నేను ఓరకంట సూస్తున్న. భుజం మెల్లగ దిగింది. నొసటి మీది గీతలు ఒక్కొక్కటే పోయినయ్. గింత సుఖానికి గిన్నేండ్లు పట్టెనా అనిపిచ్చింది. పైకి మాత్రం, లెవ్వు, జనం సూస్తున్నరు అన్న. ఆమె లేవలే.

ఏసీ సల్లగుండె. నా కన్ను ఎప్పుడంటిందో ఏమో. తెలివికొచ్చి సూస్తే మీ నాయినమ్మ దిక్కు తిరిగి ఉన్న, మోకాళ్లు కడుపులకు ముడుసుకోని, చెంప కింద చెయ్యి పెట్టుకోని. కవర్ మీద ఇంత సొల్లు. ఓనర్ మర్యాదస్తుడు, పైన ఫ్యాన్ దిక్కు సూస్తున్నడు. మీ నాయినమ్మ కూసోని నన్నే సూస్తున్నది. ఏసీకి ముడుసుకున్న గానీ, ఎన్నడు గిట్ల పండుకోలే అన్న.

“రోజు గిట్లనే పండుకుంటవు. పెండ్లైన కాంచి గింతే. మొదట వెల్లకిల పండుకుంటవు, ఇంతసేపటికి నా దిక్కు తిరిగి ముడుసుకుంటవు” అన్నది.

సండే స్కూల్ల ఇన్నేండ్లు నేను చెప్పిన పాఠమంత ఏమైనట్టు? మరి ఒక్కనాడన్న చెప్పకపోతివి అని జెర కోపంగనే అడిగిన.

“పొద్దంత నిక్కే ఉంటవు. వంగేది గా ఒక్కకాడనే. చెప్తే గది గూడ బంజేస్తవని చెప్పలే.”

ఓనరే మెల్లగ, “అయితే ఇద్దరికీ ఒకటే సరిపోతుందండీ” అన్నడు. ఆమె పండుకున్నదే కొన్నం. పరుపు ఇంటికొచ్చిన నాడే దివాన్ మీది దిండు లోపలికొచ్చింది. నేను అడగలే, ఆమె చెప్పలే.

నువ్వు కూసున్న బల్ల ఆ పలకలదే. జెర జరుగు. అగో, గ్లాసు బొమ్మ. కనబడేటట్టే కొట్టిచ్చిన.

అందుకే ఇప్పుడే బుక్ చెయ్యకు. నువ్వు ఎట్ల పండుకుంటవో నీకు తెల్వదు, పిల్లగాడు ఎట్ల పండుకుంటడో వానికి తెల్వదు. అడిగితే నా లెక్కనే వెల్లకిల అంటడు. ఆ రెండు బొంతలు నేనిస్త, పెండ్లైనంక ఒక నెల వాటి మీద పండుకోండ్రి, ఒకర్నొకరు సూసుకోండ్రి. తర్వాత ఇద్దరు గల్సి దుకాణానికి పోయి, సిగ్గు పడకుండ పావుగంట పండి లేవుండ్రి. నువ్వు సూసిందంత వానికి చెప్పకు మల్ల.

దేవుడు మీ ఇద్దరికి వంగే నడుములియ్యాలె బిడ్డా. ముఖ్యంగ వానికి.