పాలసామి గీసిన వార్డు గీత

కోవిల్‌పట్టిలో మా వీధి రైలు పట్టాలను ఆనుకుని ఉంటుంది. వార్డులను కొత్తగా విడగొట్టేటప్పుడు మున్సిపాలిటీవాళ్ళు మా వీధిని నడిమికి కోసి, సగం ఇళ్ళను పట్టాల అవతలి వార్డులో కలిపారు. ఇక ఓటు వేయడానికైనా, నీళ్ళు రాలేదని మొరపెట్టుకోవడానికైనా ఆ సగంవాళ్ళు పట్టాలు దాటి పోవాలి. ఎవరికైనా అభ్యంతరం ఉంటే మున్సిపాలిటీలో పెట్టే కూట్టానికి, అంటే మీటింగుకు, వచ్చి చెప్పుకోమన్నారు. ఇంట్లో తెలుగు, వీధి దాటితే తమిళం మాట్లాడే మాకు ఆఫీసర్ల ముందు రెండూ రావు. పాలసామి నోరు మాత్రం ఎప్పుడూ ఎండదు. అందుకని మా తరఫున మాట్లాడమని వీధంతా కలిసి అతన్నే పంపింది. కూట్టం నిన్న. ఈ పొద్దున ముత్తురామన్ టీకొట్టు బెంచీ మీద అతను కూర్చోగానే అందరం చుట్టూ చేరాం.

"నేనేమి పెద్దగా చెయ్యలేదప్పా," అని మొదలుపెట్టాడు. "వెనక వరసలో ఊరికే కూసోనుంటిని. నా వంతు రాగానే లేస్తిని. 'అయ్యా, మీ గీత మా వీధి మింద పోతా ఉండాది, కొంచెం పక్కకు జరపండి' అంటిని. అంతే. ఆ మాట ఎవరైనా అంటారు. దానికి ఆపీసరు ఏం చేసెనో తెలుసునా? తన కుర్చీ లాగి నాకు వేసె. కూసోండన్నా, పటం చూడండన్నా అనె. పటం అంటే ఇంత కాయితం అనుకుంటిరా? నాలుగు మేజాలు కలిపి పరిచినా కొసలు కింద యేలాడతా ఉండె. చూస్తిని గదా, గీత నేరుగా మన కణ్ణన్ ఇంట్లో దూరి పోతా ఉండాది. పొయ్యి ఒక వార్డు, మంచం ఇంకో వార్డు. వాడు తినేటప్పుడు ఒక కౌన్సిలరు, పండుకునేటప్పుడు ఇంకో కౌన్సిలరు."

"నా మేకలు ఏ పక్కప్పా?" అన్నాడు కణ్ణన్.

"మేకలు ఇవతల, వాటి కొమ్ములు అవతల. అదే నేనూ అడిగితిని. ఆపీసరుకు చెమట పట్టె. 'మావల్ల కాదన్నా, మీరే గీసెయ్యండి' అని పెన్సిలు నా చేతికిచ్చె. పెన్సిలు గీత రేపు ఎవడైనా తుడిచేస్తాడు గదా. నేల మీదే గీస్తా, సున్నం తెప్పించండి అంటిని. ఆలంగుళం నుంచి లారీ నిండా సున్నం వచ్చె. మూట భుజానికేసుకొని, మూలన చిన్న బొక్క పెట్టి నడిస్తిని చూడు, మన వీధి చుట్టూ ఒక్క తిప్పు. ఆడ నిలిపేసుంటే బాగుండును. కాలు నిలవలేదు. నడక పట్టుకుంటే నా కాలు నా మాటే వినదు, మీకు తెలుసు గదా."

మాకు తెలియదు. అయినా తలలూపాం. టీ ఎత్తి పోయడం ఆపి ముత్తురామన్ కూడా వింటున్నాడు.

"కడంబూరు స్టేషన్ కాడ పట్టాలకు అడ్డం గీసేస్తిని. అప్పుడే ఎక్స్‌ప్రెస్ రైలు వచ్చి, గీత చూసి టక్కని నిలిచిపోయె. డ్రైవరు దిగి చేతులు కట్టుకొని, 'అన్నా, నాది ఏ వార్డు?' అని అడిగె. ఇంజను వాళ్ళది, పెట్టెలు మావి, ఇంక పో అంటిని. ఆ తర్వాత ఏమైందో తెలుసునా? సంగతి విరుదునగరం దాకా పాకె. ఆ ఊరి ఆపీసర్లు కారేసుకొని వచ్చి, మా ఊరూ గీసిపెట్టన్నా అని కాళ్ళ మింద పడిరి. వేరే జిల్లా అయినా ఆడ ఉండేదీ మన జనమే, కాదంటే బాగుంటుందా? మధ్యాన్నానికి విరుదునగరం ముగిస్తిని. తిరుత్తంగల్‌లో ప్రెస్సులన్నీ క్యాలెండర్లు ఆపేసి నా గీతనే అచ్చేస్తా ఉండె."

"ఇంకా సున్నం మిగిలెనా?" అన్నాడు ముత్తురామన్.

"మిగిలె గదా, అదే వచ్చిన తంటా. తలెత్తి చూస్తే ఒక నల్లమబ్బు మన ఊరు దాటి విరుదునగరం పక్కకు పోతా ఉండాది. ఏటా ఇదే కత. నిచ్చెన వేసి ఎక్కి, మబ్బు చుట్టూ గీసి మన వార్డులో చేర్చేస్తిని. ఇక అది మన కౌన్సిలరును అడక్కుండా ఇంకో ఊళ్ళో ఒక్క చుక్క రాల్చలేదు."

అంతసేపూ మాయక్కాళ్ టీ కోసం తెచ్చిన చెంబుతో పక్కనే నిలబడి ఉంది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పని ఆమెది. అవతలి వార్డులో కలిసిన ఇళ్ళల్లో ఆమెది మొదటిది. ఇవాళ పనికి పోకుండా ఉతికిన చీర కట్టుకుని వచ్చింది.

"మామా," అంది మెల్లగా, "నిన్న కూట్టమే జరగలేదే."

పాలసామి గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది.

నిన్న పొద్దున ఆమె పనిచేసే ఫ్యాక్టరీ ముందుకు మైకు ఆటో వచ్చి, కూట్టం ఇవాళ పది గంటలకని చెప్పి పోయిందట. ఆ వేళకు మామ కడంబూరులో ఉన్నాడు. చెల్లెలి కొడుకుకు చెవులు కుట్టించారు. మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టుకోకపోతే ఆ వేడుక నడవదు. ఫోటోలు ఆ చెల్లెలే మాయక్కాళ్ ఫోనుకు పంపింది, మామ ఒళ్ళో బిడ్డ, నోట్లో లడ్డు.

"పోయింది తప్పు కాదు మామా. ఒక్క మాట చెప్పి పోయుంటే ఇంకొకరిని చూసుకునుంటిమి."

నవ్వు వచ్చింది కానీ ఎవరమూ నవ్వలేదు. మాలో సగంమంది ఇళ్ళు ఆ సగంలోనే ఉన్నాయి. కూట్టం వాయిదా పడకపోయుంటే మా తరఫున అక్కడ ఒక్కరూ ఉండేవారు కాదు.

పాలసామి గ్లాసు కింద పెట్టాడు. "ఆపీసరు ముందు నాకు నోరు లేవదు మాయక్కా," అన్నాడు. ఆ గొంతు మాకు కొత్త. "భయం."

"నాకూ భయమే. మా అత్త ఆ మోకాళ్ళ నొప్పితో పట్టాలు దాటలేదు, అదొక్కటి చెప్పు, చాలు." ఆమె చెంబు ముత్తురామన్‌కిచ్చి కొంగు దోపుకుంది. "జరగని కూట్టానికి ఇంత గొంతు పెట్టినావు. జరగబోయే కూట్టానికి కొంచెమన్నా మిగిలించినావా?"

పాలసామి లేచి మున్సిపాలిటీ వైపు నడిచాడు. మేమంతా వెనకాలే నడిచాం, అతను దారిలో తప్పించుకోకుండా.